రెండు లీగ్‌ల మధ్య తెలుగు క్రికెటర్

ఏ లీగ్‌లో ఆడాలన్న ప్రశ్న తెలుగు క్రికెటర్లకు మొదటిసారి 2007లో ఎదురైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుభాష్ చంద్రకు చెందిన ఎస్సెల్ గ్రూపు ఇండియన్ క్రికెట్ లీగ్‌ను, పొట్టిగా ఐసీఎల్‌ను ప్రకటించింది. సెప్టెంబరు 13న భారత క్రికెట్ బోర్డు బీసీసీఐ తన సొంత ఇండియన్ ప్రీమియర్ లీగ్‌ను, అంటే ఐపీఎల్‌ను ప్రకటించింది. ఐసీఎల్‌లో చేరినవాళ్లకు ఐపీఎల్‌లోనే కాదు, రంజీ ట్రోఫీలోనూ భారత జట్టులోనూ చోటుండదని బోర్డు తేల్చి చెప్పింది. ఆ హెచ్చరిక తెలిసే హైదరాబాద్ రంజీ జట్టు నుంచి పలువురు ఐసీఎల్‌కు వెళ్లారు. రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చినవాళ్లలో ఒకరు భారత జట్టుకు ఆడారు, మరొకరు అమెరికా జట్టుకు నాయకత్వం వహించారు. ఆ తర్వాత విదేశాల్లో టీ20 లీగ్‌లు పెరిగాయి. ప్రశ్న రూపం మారింది గాని, ప్రశ్న పోలేదు.

2007కు ముందు

అప్పటిదాకా దారి ఒక్కటే: క్లబ్ లేదా జిల్లా జట్టు, వయసువారీ జట్లు, రంజీ, ఆపైన అదృష్టం ఉంటే భారత జట్టు. తెలుగు నేల క్రికెట్ పరంగా మొదటినుంచీ రెండు సంఘాల కిందే ఉంది. 1956లో రాష్ట్రాలు కలిసినా, 2014లో విడిపోయినా ఈ ఏర్పాటు మారలేదు. హైదరాబాద్ జట్టు 1934-35లో రంజీ తొలి సీజన్ నుంచీ ఆడుతోంది, 1937-38లోనూ 1986-87లోనూ ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర జట్టు 1953-54లో వచ్చింది. తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ సంఘం కిందికి, కోస్తా, రాయలసీమ ఆంధ్ర సంఘం కిందికి వస్తాయి.

వరంగల్ మట్టెవాడలో టెన్నిస్ బంతితో ఆట మొదలుపెట్టిన కుర్రాడు రంజీ దాకా రావాలంటే జిల్లా జట్టులో మెరిస్తే చాలదు. సుమారు 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు చేరి, అక్కడి లీగ్ క్లబ్బుల్లో ఒకదానిలో చోటు సంపాదించాలి. గది అద్దె, కిట్, రాకపోకల ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకోవాలి. హైదరాబాద్ సంఘంలో ఓటున్న సభ్యుల్లో అత్యధికం నగర క్లబ్బులే కావడం జిల్లాలవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న బాధ. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంఘం బాధ్యతను విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది. కొద్దిమంది చేతుల్లోనే అనేక క్లబ్బులు ఉన్నాయని గుర్తించి ఆయన 57 క్లబ్బులను ఆ ఏటి ఎన్నికలకు దూరం పెట్టారు. పోటీ లీగ్ ఒకటి పుట్టినప్పుడు ఆటగాళ్లు అటు ఎందుకు చూశారో అర్థం కావాలంటే ముందు ఈ సంఘాల నడత అర్థం కావాలి. ఎంపిక చేసేదీ, తిరస్కరించేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే గుమ్మమైతే, మరో గుమ్మం తెరుచుకోగానే జనం నిలబడతారు.

సంపాదన సంగతి కూడా అంతే. ఐపీఎల్‌కు ముందు రంజీ ఆటగాడికి నిలకడైన ఆధారం క్రీడా కోటా ఉద్యోగం. ఆంధ్రా బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, రైల్వే వంటి సంస్థలు ఆటగాళ్లను తీసుకునేవి. ఉద్యోగం దొరికినవాడు పొద్దున నెట్స్‌కు, మధ్యాహ్నం కౌంటర్‌కు వెళ్లేవాడు. దొరకనివాడు పాతికేళ్లు దాటేసరికి ఆట మానేసేవాడు.

హైదరాబాద్ హీరోస్

ఐసీఎల్ పుట్టుకకు మూలం టీవీ హక్కులు. 2006లో భారత మ్యాచ్‌ల ప్రసార హక్కులను నింబస్ సంస్థ 61 కోట్ల డాలర్లకు పైగా పాడుకుంది. పోటీలో ఓడిపోయిన ఎస్సెల్ వారి టీవీ సంస్థ జీ, చూపించడానికి ఆటే లేకపోతే తానే ఆటను తయారుచేస్తానని బయల్దేరింది. 1983 ప్రపంచకప్ విజేత కపిల్ దేవ్ ఈ లీగ్ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడయ్యాడు. దానికి ప్రతిగా 2007 ఆగస్టులో బోర్డు ఆయనను జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష పదవి నుంచి తప్పించింది. ఆయనకూ బోర్డుకూ 2012లో గాని రాజీ కుదరలేదు.

2007 నవంబరు 30న పంచ్‌కులాలో ఆరు జట్లతో తొలి టోర్నీ మొదలైంది. బోర్డు అనుబంధ సంఘాల మైదానాలు దొరికే వీలు లేక, లీగ్ ప్రభుత్వ మైదానాలను వెతుక్కుంది. హైదరాబాద్‌లో ఉప్పల్‌లోని క్రికెట్ సంఘం స్టేడియం కాక లాల్ బహదూర్ స్టేడియం దాని వేదిక కావడానికి కారణం ఇదే. హైదరాబాద్ హీరోస్‌కు న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ క్రిస్ హారిస్ కెప్టెన్. పాకిస్థాన్ ఆల్‌రౌండర్ అబ్దుల్ రజాక్, కర్ణాటక నుంచి స్టువర్ట్ బిన్నీ ఆ జట్టుకు ఆడారు. స్థానికుల్లో అంబటి రాయుడు, వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్, అనిరుధ్ సింగ్, ఇందర్ శేఖర్ రెడ్డి, ఆల్ఫ్రెడ్ అబ్సలెం, శశాంక్ నాగ్ ఉన్నారు. దాదాపు ఒక రంజీ జట్టు వెన్నెముకే ఇటు కదిలిందని చెప్పాలి. ఆ దెబ్బ హైదరాబాద్ రంజీ జట్టుకు గట్టిగానే తగిలింది.

2008 ఏప్రిల్ మొదట్లో హీరోస్ జట్టు లాహోర్ బాద్‌షాస్‌ను ఓడించి లీగ్ గెలిచింది. అప్పటికి ఐపీఎల్ మొదలవడానికి కొద్దిరోజులే ఉంది. ఏప్రిల్ 18న మొదలైన ఐపీఎల్‌లో హైదరాబాద్‌కు డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు కొన్న డెక్కన్ చార్జర్స్ జట్టు ఉంది. దానికి కెప్టెన్ వి.వి.ఎస్. లక్ష్మణ్. జట్టు చేతిలో వేలానికి ఎక్కువ డబ్బు మిగలాలని, ఎక్కువ జీతం ఇచ్చే ఐకాన్ ఆటగాడి హోదాను వదులుకున్న మనిషి ఆయన. అయినా చార్జర్స్ ఆ ఏడాది ఎనిమిది జట్లలో చివరన నిలిచింది. ఒకే నగరం పేరు మీద రెండు జట్లు: గెలిచిన జట్టుకు గుర్తింపు లేదు, గుర్తింపు ఉన్న జట్టు గెలవలేదు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో చార్జర్స్ ఐపీఎల్ విజేత అయ్యే నాటికి ఐసీఎల్ మూతపడే దశకు చేరింది. అంతకుముందు 2008 చివర్లో హీరోస్ మరోసారి ఫైనల్‌కు వచ్చి లాహోర్ చేతిలో ఓడింది.

ఎందుకు వెళ్లారు

వెళ్లినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం తప్పు. ముప్పయ్యో ఏటికి దగ్గరపడిన రంజీ ఆటగాడికి లెక్క సులువు. భారత జట్టు పిలుపు రాదని అతనికి తెలుసు. ఏటా వచ్చే మ్యాచ్ ఫీజు గాయం తగిలితే ఆగిపోతుంది. కొన్నేళ్ల కాంట్రాక్టు చేతికొస్తే ఇల్లు కట్టుకోవచ్చు. బోర్డు నిషేధం అతని నుంచి తీసుకుపోయేది పెద్దగా ఏమీ లేదు.

అంబటి రాయుడి సంగతి వేరు. గుంటూరులో పుట్టిన రాయుడు పదహారో ఏట హైదరాబాద్ తరఫున రంజీలో అడుగుపెట్టాడు. 2002 నవంబరులో, పదిహేడేళ్ల వయసులో, ఆంధ్రపై ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టు కెప్టెన్. అదే జట్టులో ఆడిన సురేశ్ రైనా, శిఖర్ ధావన్, దినేశ్ కార్తీక్ తర్వాత భారత జట్టులో స్థిరపడ్డారు. రాయుడికి మాత్రం సొంత సంఘంతోనే పొసగలేదు. 2005-06లో హైదరాబాద్ వదిలి ఆంధ్రకు వెళ్లాడు, మళ్లీ హైదరాబాద్ వచ్చాడు, 2007లో ఐసీఎల్‌లో చేరాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు నిండలేదు. ఆ వయసులో, ఆ ప్రతిభతో ఉన్న కుర్రాడు జాతీయ జట్టు ఆశను పక్కన పెట్టి నడిచిపోయాడంటే దానికి డబ్బు ఒక్కటే సమాధానం కాదు. తనను పట్టించుకునే చోటు అతనికి అక్కడ కనిపించింది.

అంతర్జాతీయ ఆటగాళ్లతో ఒకే డ్రెస్సింగ్ రూమ్ పంచుకునే అవకాశం మూడో కారణం. రంజీలో ఏడాదికి ఏడెనిమిది మ్యాచ్‌లు ఆడి, వాటిలో ఒక్కటీ టీవీలో కనిపించని ఆటగాడు ఇక్కడ ప్రతి సాయంత్రం దేశమంతా చూస్తుండగా ఆడాడు. ఈ ఆకర్షణను తక్కువగా అంచనా వేయకూడదు.

నిషేధం, తిరిగి రాక

2009 ఏప్రిల్ చివర్లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. మే 31లోగా ఐసీఎల్‌తో తెగదెంపులు చేసుకున్నవాళ్లు దేశవాళీ క్రికెట్‌కు తిరిగి రావచ్చు. అప్పటికే ఆ లీగ్‌లో చాలామందికి చెల్లింపులు ఆలస్యమవుతున్నాయి, అంతర్జాతీయ క్రికెట్ మండలి గుర్తింపు రాదని తేలిపోయింది. హైదరాబాద్ ఆటగాళ్లు బోర్డు గొడుగు కిందికి వచ్చేశారు.

రాయుడు 2010లో ముంబయి ఇండియన్స్‌కు ఆడాడు. అదే ఏడాది రంజీకి బరోడాను ఎంచుకున్నాడు. ఒక్కో రాష్ట్ర జట్టు కొద్దిమంది బయటి ఆటగాళ్లను తీసుకోవచ్చన్న నిబంధన అతనికి అక్కరకొచ్చింది. 2013 జులై 24న హరారేలో జింబాబ్వేపై భారత జట్టులోకి వచ్చేసరికి అతనికి 27 ఏళ్లు దాటాయి. ముంబయి, చెన్నై జట్లతో కలిసి ఆరు ఐపీఎల్ టైటిళ్లు అందుకున్నాడు. ఇబ్రహీం ఖలీల్ హైదరాబాద్‌కు తిరిగొచ్చి, 2011 నవంబరులో గువాహటిలో అస్సాంపై ఒకే మ్యాచ్‌లో 14 మందిని అవుట్ చేశాడు. వాటిలో 11 క్యాచ్‌లు, 3 స్టంపింగ్‌లు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఒక వికెట్ కీపర్‌కు అది ప్రపంచ రికార్డు. ఆ తర్వాత అమెరికా వెళ్లి అక్కడి జాతీయ జట్టుకు ఆడి, కొంతకాలం కెప్టెన్‌గా ఉన్నాడు.

ఈ నిషేధం ఎంత న్యాయమన్నది పెద్ద ప్రశ్న. 1977లో కెర్రీ ప్యాకర్ తన వరల్డ్ సిరీస్ క్రికెట్ పెట్టినప్పుడు ఇంగ్లండ్‌లో ఇలాంటి నిషేధమే విధించబోతే, ఆటగాడి జీవనోపాధికి అడ్డుపడటం చెల్లదని లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. భారతదేశంలో కాంపిటీషన్ కమిషన్ 2013 ఫిబ్రవరిలో బీసీసీఐకి 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఐపీఎల్ ప్రసార హక్కుల ఒప్పందంలో, పోటీగా మరో దేశవాళీ టీ20 లీగ్‌ను తాను నిర్వహించననీ గుర్తించననీ బోర్డు రాసివ్వడాన్ని కమిషన్ ప్రధానంగా తప్పుపట్టింది. మొదటి ఉత్తర్వు అప్పీలులో పక్కకు పోగా, 2017 నవంబరులో కమిషన్ మళ్లీ విచారించి అంతే మొత్తం జరిమానా విధించింది. ఈ ఉత్తర్వులు వచ్చేసరికి ఐసీఎల్ లేదు. రాయుడు 22 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడాల్సిన రంజీ మ్యాచ్‌లను ఏ ఉత్తర్వూ తిరిగి ఇవ్వలేదు. నిర్వాహకుల తగాదాలో ఆటగాడి వయసును పణంగా పెట్టడం ఈ కథలో క్షమించరాని భాగం.

ఐస్ హాకీతో పోలిక

ఐరోపా ఐస్ హాకీ ఆటగాళ్లదీ ఇలాంటి ఎంపికే. ఉత్తర అమెరికాలో 1917 నుంచి ఉన్న నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) ఒకవైపు, ఐపీఎల్‌తోపాటే 2008లో మొదలైన రష్యా కేంద్రంగా ఉన్న కాంటినెంటల్ హాకీ లీగ్ (కేహెచ్‌ఎల్) మరోవైపు. ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టాన్లీ కప్ గౌరవం ఉంది, పెద్ద కాంట్రాక్టులున్నాయి. కాని కొత్తవాడి తొలి కాంట్రాక్టుకు జీతం పరిమితి ఉంటుంది, చాలామంది కింది లీగ్‌లో తక్కువ జీతానికి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, సీజన్‌కు ఎనభైకి పైగా మ్యాచ్‌లు ఆడాలి. కేహెచ్‌ఎల్‌లో మ్యాచ్‌లు తక్కువ, ఇల్లు దగ్గర, జట్టులో ముందు వరుస స్థానం దొరికే అవకాశం ఎక్కువ. రష్యాలో ఆదాయపు పన్ను చాలాకాలం 13 శాతమే ఉండటంతో చేతికొచ్చే మొత్తం కూడా బాగుండేది. ఐరోపాలో సంప్రదాయంగా రింక్ 30 మీటర్ల వెడల్పు, అమెరికా రింక్ 26 మీటర్లే. వేగంగా తిరుగుతూ ఆడేవాడికి మొదటిది, ఒంటిబలంతో ఆడేవాడికి రెండోది నప్పుతుంది.

తేడా ఎక్కడుందంటే తిరిగి రావడంలో. చెక్ దిగ్గజం యారోమిర్ యాగర్ 2008లో రష్యాలోని ఓమ్‌స్క్ జట్టుకు వెళ్లి, మూడేళ్లు ఆడి, 2011లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియాకు తిరిగొచ్చాడు. రష్యా ఆటగాడు అలెగ్జాండర్ రాదులోవ్ 2008లో నాష్‌విల్ జట్టుతో కాంట్రాక్టు ఇంకా ఏడాది మిగిలుండగానే రష్యాలోని ఉఫా జట్టుకు వెళ్లిపోయి పెద్ద వివాదం రేపినా, 2012లో అదే నాష్‌విల్‌కు వచ్చాడు. ఈ రాకపోకల వల్ల వాళ్ల జాతీయ జట్టు స్థానాలకు ముప్పు రాలేదు. పైగా 2018 శీతాకాల ఒలింపిక్స్‌కు ఎన్‌హెచ్‌ఎల్ తన ఆటగాళ్లను వదలనప్పుడు కేహెచ్‌ఎల్‌లో ఉన్నవాళ్లు తమ దేశాలకు ఆడగలిగారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలయ్యాక పరిస్థితి తిరగబడింది. ఫిన్లండ్ జట్టు యోకెరిత్ కేహెచ్‌ఎల్ నుంచి తప్పుకుంది, రష్యాలో ఆడటం ఐరోపా ఆటగాడికి జాతీయ జట్టు పరంగానూ భారమైంది. అంటే ఐస్ హాకీలో లీగ్‌కూ దేశానికీ మధ్య గోడ ఈమధ్య లేచింది. తెలుగు క్రికెటర్‌కు ఆ గోడ 2007లోనే ఎదురైంది.

ఐపీఎల్ తర్వాత

ఐపీఎల్ వచ్చాక లెక్కలన్నీ మారాయి. టోలీచౌకీలో ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 లక్షల కనీస ధర నుంచి పాడి 2.6 కోట్లకు తీసుకుంది. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మను 2022లో ముంబయి 1.7 కోట్లకు కొని, 2025 సీజన్‌కు 8 కోట్లకు అట్టిపెట్టుకుంది. విశాఖకు చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షలతో మొదలై 6 కోట్లకు చేరాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. ఈ ముగ్గురికీ లీగ్ వల్ల జాతీయ జట్టు దూరం కాలేదు, దగ్గరైంది. అందుకే ఈ తరం కుర్రాళ్లకు పోటీ లీగ్ ఆలోచనే రాదు.

చిక్కు వేలంలో అమ్ముడుపోనివాళ్లకు. బీసీసీఐ నిబంధన ప్రకారం రిటైర్ కాని పురుష ఆటగాడు విదేశీ టీ20 లీగ్‌లలో ఆడకూడదు. ఇంగ్లండ్ కౌంటీలకు మాత్రం అనుమతి ఇస్తారు. సిరాజ్ వార్విక్‌షైర్‌కు, తిలక్ హాంప్‌షైర్‌కు అలాగే ఆడారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2022 వేలంలో ఎవరూ కొనకపోవడంతో ఐపీఎల్ జరుగుతున్న రోజుల్లో ఢాకా ప్రీమియర్ లీగ్‌కు వెళ్లాడు. అది 50 ఓవర్ల టోర్నీ కాబట్టి అడ్డంకి లేదు. రాష్ట్రాల మధ్య రాకపోకలకూ విహారే పెద్ద ఉదాహరణ: హైదరాబాద్, 2016లో ఆంధ్ర, 2021లో హైదరాబాద్, 2022లో మళ్లీ ఆంధ్ర, 2025లో త్రిపుర. ఇలా మారాలంటే పాత సంఘం ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. ఆటగాళ్లు దాన్ని ఎన్‌ఓసీ అంటారు. దాని కోసం సంఘం చుట్టూ తిరగడం దేశవాళీ క్రికెటర్ జీవితంలో మామూలైపోయింది.

మహిళలకు ఈ ఆంక్ష లేదు. భారత జట్టులో ఉంటూనే వాళ్లు ఆస్ట్రేలియా బిగ్ బాష్‌లో, ఇంగ్లండ్ హండ్రెడ్‌లో ఆడవచ్చు. 2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్‌లో తెలుగు రాష్ట్రాల జట్టు లేదు. కడప జిల్లాకు చెందిన స్పిన్నర్ శ్రీచరణిని 2025 సీజన్‌కు ఢిల్లీ 55 లక్షలకు తీసుకుంది. ఆ ఏడాదే ఆమె ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. ఒకే బోర్డు ఒకే ఆటలో ఆడవాళ్లకు ఇచ్చిన స్వేచ్ఛ మగవాళ్లకు ఎందుకివ్వదంటే సమాధానం ఐపీఎల్ విలువలోనే ఉంది. భారత పురుష ఆటగాళ్లు మరెక్కడా కనిపించకపోవడమే ఆ లీగ్ ఆకర్షణ.

రిటైరైన తర్వాత దారి తెరుచుకుంటుంది. 2023 మే 29న ఐపీఎల్ ఫైనల్‌తో ఆట విరమించిన రాయుడు అదే ఏడాది కరేబియన్ ప్రీమియర్ లీగ్‌లో సెయింట్ కిట్స్ జట్టుకు, మరుసటి ఏడాది ఎమిరేట్స్ లీగ్‌లో ముంబయి యాజమాన్యంలోని జట్టుకు ఆడాడు.

ప్రవాస తెలుగువాళ్లు

బయట పుట్టిన లేదా పెరిగిన తెలుగు ఆటగాళ్లు బీసీసీఐ నియమాల పరిధిలోకి రారు. విజయవాడలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన తేజ నిడమానూరు అక్కడ ఆక్లాండ్‌కు ఆడి, తర్వాత నెదర్లాండ్స్‌లో స్థిరపడి 2022లో ఆ దేశపు జట్టులోకి వచ్చాడు. 2023 జూన్‌లో హరారేలో వెస్టిండీస్‌పై 76 బంతుల్లో 111 పరుగులు చేశాడు. 374 పరుగుల దగ్గర టై అయిన ఆ మ్యాచ్‌ను నెదర్లాండ్స్ సూపర్ ఓవర్‌లో గెలిచింది. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ తొలి మ్యాచ్ ఉప్పల్‌లో జరిగింది. న్యూజెర్సీలో పుట్టిన సాయితేజ ముక్కామల అమెరికా జట్టుకూ, 2023లో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్‌లో టెక్సాస్ సూపర్ కింగ్స్‌కూ ఆడాడు. అదే లీగ్‌లోని సియాటిల్ జట్టు పెట్టుబడిదారుల్లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల ఒకరు.

ఇతర ఆటలు

పోటీ లీగ్‌ల గొడవ క్రికెట్‌కే పరిమితం కాదు. హాకీలో 2005లో గచ్చిబౌలి వేదికగా జరిగిన తొలి ప్రీమియర్ హాకీ లీగ్‌ను హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఆ లీగ్ 2008తో ఆగిపోయింది. 2012లో ఇండియన్ హాకీ ఫెడరేషన్, నింబస్ కలిసి వరల్డ్ సిరీస్ హాకీ నడిపితే, ప్రత్యర్థి సంస్థ హాకీ ఇండియా 2013లో తన సొంత లీగ్ పెట్టింది. ఈ రెండోది మధ్యలో ఆగి 2024 డిసెంబరులో మళ్లీ మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2014 నుంచి ప్రో కబడ్డీలో ఉంది. 2019లో న్యూ కబడ్డీ ఫెడరేషన్ పోటీగా పెట్టిన ఇండో ఇంటర్నేషనల్ లీగ్‌లో తెలుగు బుల్స్ పేరుతో మరో జట్టు దిగింది. ఆ లీగ్‌ను పుణె ప్రైడ్ గెలిచింది.